జత సాక్సులు రెండు వేలా?

ప్రశ్న: రిటైరైన లెక్కల టీచర్ని. మాది ఖమ్మం. మా అమ్మాయి కిందటి ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అమెరికాలోని బఫెలో వెళ్లింది. వెళ్లేటప్పుడు డజను జతల కాటన్ సాక్సులు, చలికాలంలో రోడ్డు పక్క స్వెట్టర్లు అమ్మేవాళ్ల దగ్గర కొన్న నాలుగు జతల ఉన్ని సాక్సులు పెట్టి పంపాం. మొన్న ఫోన్లో మాటల మధ్య, మెరినో ఉన్ని సాక్సులు మూడు జతలు కొన్నానని చెప్పింది. జత 25 డాలర్లట. అంటే రెండు వేల పైమాటే. మేం పంపినవి ఏమయ్యాయమ్మా అంటే, అవి వేసుకుంటే కాళ్లు కొంకర్లు పోతున్నాయంది. లోన్ తీసుకుని చదివిస్తున్నాం కదా అని కోప్పడ్డాను. అలిగి రెండు రోజులు ఫోన్ చేయలేదు. వాళ్లమ్మ కూడా నన్నే తప్పు పడుతోంది. సాక్సులకు అంత ధర న్యాయమేనా? పైగా ఇప్పుడు 'నీకూ ఒక జత పంపిస్తా నాన్నా, షుగర్ ఉందిగా' అంటోంది. నాకు అవి అవసరమా?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మాస్టారూ, మీ అమ్మాయి డబ్బు పారేసుకోలేదు. ఆ ఊళ్లో, ఆ చలిలో, మూడు జతల మంచి ఉన్ని సాక్సులు అవసరమైన ఖర్చే. ఇదే సాక్సుల్ని చలి తక్కువుండే డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండి కొని ఉంటే నేను మీ పక్షానే మాట్లాడేదాన్ని. మూడు కాకుండా పది జతలు కొన్నా మీ పక్షమే.

ముందు ఊరి సంగతి. బఫెలో ఈరీ అనే పెద్ద సరస్సుకు తూర్పు కొసన ఉంటుంది. చలిగాలి ఆ సరస్సు మీదుగా వస్తూ నీటి ఆవిరిని మోసుకొచ్చి, ఒడ్డుకు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఏడాదికి సగటున ఎనిమిది అడుగుల దాకా మంచు పడుతుంది. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు నాలుగు డిగ్రీలు కింద. అయినా కాళ్లకు అసలు శత్రువు మంచు కాదు, తడి. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. దాంతో అదంతా ఉప్పునీటి బురదవుతుంది. ఆ బురదలో నడిచి, బస్టాపులో పదిహేను నిమిషాలు నిలబడి, 22 డిగ్రీల వెచ్చదనం ఉండే క్లాసురూములోకి వెళ్తే బూటు లోపల పాదానికి చెమట పడుతుంది. ఆ చెమటతోనే మళ్లీ బయటికి. ఖమ్మంలో మనకు తెలిసిన చలి ఇలాంటిది కాదు. డిసెంబర్లో తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటే పోయే పొడి చలి మనది.

ఇక మీరు పంపిన డజను జతల కాటన్. మన ఎండలకు కాటన్‌ని మించింది లేదు. చెమట పీల్చుకుంటుంది, నెమ్మదిగా ఆరుతూ చల్లబరుస్తుంది. మనకిక్కడ కావలసింది అదే, అక్కడ కాలికి చేటు చేసేదీ అదే. తడిసిన కాటన్ మెత్తబడి చర్మానికి అతుక్కుపోతుంది, పోగుల మధ్య ఉన్న గాలి పోయి నీళ్లు చేరతాయి. గాలి కన్నా నీరు ఒంటి వేడిని పాతిక రెట్లు త్వరగా లాగేస్తుంది. అమ్మాయి కొంకర్లు పోతున్నాయన్నది గారాబంతో కాదు.

మరి మీరు పంపిన ఉన్ని సాక్సులో? అవి ఉన్నివి కాకపోవచ్చని నా అనుమానం. చలికాలం మార్కెట్‌లో 'ఉలెన్' అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం యాక్రిలిక్. అంటే ప్లాస్టిక్ దారం. అమ్మేవాళ్లది పూర్తిగా మోసమని కూడా అనలేం. చలికి వేసుకునే దేన్నయినా ఉలెన్ అనడం మనకు అలవాటైపోయింది. ఇంట్లో అలాంటి జత ఏదైనా మిగిలి ఉంటే ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. మంట దూరం చేయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి ముద్దవుతుంది, చల్లారాక నల్లటి గట్టి ఉండ మిగులుతుంది. (వేడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి.) యాక్రిలిక్ స్వెట్టర్ మీద నాకు కోపమేమీ లేదు. హైదరాబాద్ చలికి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ ఆ దారం చెమటను దాదాపుగా పీల్చుకోదు. అందుకని మూసిన బూటులో చెమట పాదం మీదే నిలిచి, కాసేపటికి చల్లబడుతుంది.

ఉన్ని సంగతి మీకు పుస్తకం అక్కర్లేదు, గొంగళి చూస్తే చాలు. మన కురుమల గొర్రెల కాపరి ముసురులో రోజంతా గొంగళి కప్పుకుని మందతో తిరుగుతాడు. పైన తడిసినా లోపల వెచ్చగానే ఉంటుంది. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి పీల్చుకుని కూడా ముట్టుకుంటే తడిగా అనిపించదు. ఆ తేమను పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుడుతుంది. పోగు సహజంగానే వంకరలు తిరిగి ఉంటుంది కాబట్టి నలిగినా మళ్లీ లేస్తుంది, మధ్యలో గాలి నిలుస్తుంది. కాలికి వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే.

గొంగళి ఉన్నితోనే సాక్సులు చేస్తే చవక కదా అంటారేమో. ఒక్క గంట వేసుకోలేరు. ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు, వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటర్. ముప్పై మైక్రాన్లు దాటిన పోగుల కొసలు చర్మానికి గుచ్చుకుంటాయి. మన దక్కనీ గొర్రెల ఉన్నిలో అలాంటి ముతక పోగులే ఎక్కువ. గొంగళి గరుకు, దాని గట్టిదనం రెండూ అక్కడివే. మెరినో గొర్రె ఉన్ని ఇరవై మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. అంత సన్నని పోగు వంగిపోతుందే తప్ప గుచ్చుకోదు. ఒకప్పుడు స్పెయిన్ ఈ గొర్రెల్ని పొరుగు దేశాలకు పోనివ్వలేదు. ఇప్పుడు సన్న ఉన్నికి పెద్ద దిక్కు ఆస్ట్రేలియా.

మీ అమ్మాయి ఇచ్చిన 25 డాలర్లలో కొంత ఆ సన్న ఉన్నికి పోయింది. మిగతాది అల్లికకి. మడమ, వేళ్ల దగ్గర ఎంత దట్టంగా అల్లారు, అరికాలి కింద టవల్ లాంటి చిన్న చిన్న ఉచ్చులు ఉన్నాయా, వేళ్ల మీద కుట్టు తగలకుండా కలిపారా అన్నదే జత రెండు నెలలు బతుకుతుందా, కొన్ని చలికాలాలు బతుకుతుందా తేలుస్తుంది. కొనేటప్పుడు చాలామంది పప్పులో కాలేసేది మాత్రం వేరే చోట. లేబుల్ మీద ఉన్ని నూటికి నూరు ఉంటే గొప్ప అనుకుంటారు. పట్టుచీర విషయంలో అది నిజం. సాక్సుల్లో అలా కాదు. ఒట్టి మెరినో మడమ దగ్గర త్వరగా అరిగి చిల్లు పడుతుంది. అందుకే మంచి సాక్సుల్లో అరవై నుంచి డెబ్బై శాతం ఉన్ని, ముప్పై దాకా నైలాన్, జారకుండా ఒకటి రెండు శాతం సాగే దారం కలుపుతారు. నైలాన్ ఉంది కదా నకిలీ అని అమ్మేవాళ్లమీద విరుచుకుపడకండి. ఇటు ఉన్ని పదో పదిహేనో శాతం వేసి అట్ట మీద 'మెరినో' అని పెద్ద అక్షరాలు వేసేవీ ఉన్నాయి. అమెరికాలో 1940లో వచ్చిన చట్టం ప్రకారం ఉన్ని వస్తువుల మీద ఏ పోగు ఎంత శాతమో రాసి తీరాలి. కాబట్టి అమ్మాయిని ఆ చిన్న అక్షరాలు చదవమనండి. సగం కన్నా తక్కువ ఉన్ని ఉంటే 25 డాలర్లు దండగ.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్క కూడా చేద్దాం. మూడు జతలు, 75 డాలర్లు. బఫెలోలో నవంబర్ నుంచి మార్చి దాకా చలికాలం అనుకుంటే 150 రోజులు. రెండేళ్ల కోర్సులో రెండు చలికాలాలు, 300 రోజులు. రోజుకు పావు డాలర్ పడింది. మన డబ్బుల్లో పాతిక రూపాయల లోపు. ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది, ఆ మూడు జతలూ రెండు చలికాలాలు నిలవాలి. మార్చి మార్చి వేసుకుంటే, సరిగ్గా ఉతుక్కుంటే నిలుస్తాయి. ఒకే జతను రోజూ వేస్తే ఏ బ్రాండైనా నిలవదు.

నిలవకపోతే ఏంటన్నదానికి కొన్ని కంపెనీల దగ్గర జవాబుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఒక కుటుంబం నడిపే మిల్లు నుంచి 2004లో మొదలైంది డార్న్ టఫ్ అనే బ్రాండ్. సాక్సులకు జీవితకాలం గ్యారంటీ ఇస్తారు. చిరిగితే ఉతికి పంపాలి, రిసీట్ అడగరు, బదులు ఇస్తారు. అమ్మాయి కొన్నవి అవే అయితే లెక్క ఇంకా అమ్మాయి వైపే మొగ్గుతుంది. కానీ అమెరికా వదిలి వచ్చాక చిరిగిన సాక్సులు అక్కడిదాకా పోస్టులో పంపించుకునేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి చదువయ్యాక తిరిగొచ్చేయాలనుకుంటే ఆ గ్యారంటీని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంకా తక్కువలో దొరకవా అంటే దొరుకుతాయి. చలికాలం చివర, మార్చిలో, షాపులు వీటిని తగ్గింపు ధరకు తీసేస్తాయి. టీజే మ్యాక్స్, మార్షల్స్ లాంటి చోట్ల పేరున్న బ్రాండ్లే తక్కువకు తగులుతుంటాయి. రూమ్మేట్లలో ఎవరికైనా కాస్ట్‌కో (సభ్యులకే అమ్మే పెద్ద షాపు) కార్డు ఉంటే అక్కడ మెరినో కలిసిన సాక్సులు కట్టగా దొరుకుతాయి. లేబుల్ చూసి, శాతం బాగుంటే తీసుకోవచ్చు. అరుగుదల తక్కువుండే రోజులకు, ఇంట్లో వేసుకోవడానికి అవి చాలు. బస్సు కోసం బురదలో నిలబడే రోజుకు మాత్రం ఆ మంచి జతే.

ఇప్పుడు అమ్మాయికి ఒక మాట. ఇది మీ ఉత్తరంలో లేదు, కానీ సాక్సుల ధర కన్నా ముఖ్యం. బూటు సైజు చూసుకోమనండి. మనవాళ్లు ఇక్కడే సన్న సాక్సు మీద కొలత చూసి బూట్లు కొని సూట్‌కేసులో పెడతారు. అక్కడికెళ్లాక ఆ బూట్లలోనే మందపాటి ఉన్ని సాక్సు దూరుస్తారు. బూటు బిగుసుకుంటుంది, రక్తం వేళ్ల దాకా సరిగ్గా అందదు, కాలు ఇంకా చల్లబడుతుంది. అప్పుడు రెండు జతలు కలిపి వేస్తారు. ఇంకా బిగుసుకుంటుంది. ఇరవై డాలర్ల సాక్సు దండగ అనేవాళ్లలో సగం మంది బాధ సాక్సుతో కాదు, బూటుతో. వేళ్లు బూటులో స్వేచ్ఛగా కదలాలి. కదలకపోతే మందం తక్కువున్న ఉన్ని సాక్సు వేసుకోవాలి, లేదా ఈ సాక్సు వేసుకునే వెళ్లి అర సైజు పెద్ద బూటు కొనాలి. ఆ బూటులోకి నీళ్లు దిగకూడదు. నీళ్లు దిగే బూటులో ఏ ఉన్నీ ఏమీ చేయలేదు. డబ్బు ఒక్కదానికే ఉందంటే నేను ముందు బూటు కొనమంటాను, సాక్సు తర్వాత.

తడి కాళ్ల సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో తడి బూట్లతో రోజుల తరబడి నిలబడిన సైనికులు వేలమంది పాదాలు పాడై యుద్ధానికి పనికిరాకుండా పోయారు. రోజుకు రెండుసార్లయినా పొడి సాక్సులు మార్చుకోవాలని బ్రిటిష్ సైన్యం ఆజ్ఞ పెట్టాల్సి వచ్చింది. చదువుకునే పిల్లకు అంత ముప్పు లేదు, మీరు టెన్షన్ పడకండి. వేళ్లు ఎర్రబడి, వాచి, వెచ్చని గదిలోకి రాగానే దురద పుడుతుంటే మాత్రం చలికి వేళ్లు దెబ్బతిన్నట్టు. యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో చూపించుకోమనండి. ఒక పొడి జత ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోమనండి. మీరు పంపిన కాటన్ వాటిలో ఒకటి అయినా సరే, తడిసిన ఉన్ని కన్నా పొడి కాటన్ మేలు.

ఉతుకు విషయం. ఉన్ని సాక్సు ఒకసారి వేసుకోగానే కంపు కొట్టదు. రాత్రి గాలికి ఆరేస్తే రెండు మూడుసార్లు వేసుకోవచ్చు. లాండ్రీ మెషిన్లో ప్రతిసారీ నాణేలు వేసే పిల్లకు ఇదీ ఆదాయమే. ఉతికేటప్పుడు తిరగేసి, చల్లని నీళ్లలో, తక్కువ తిప్పుడులో వేయాలి. డ్రయర్లో వేడి మీద పెట్టకూడదు. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, తడి, కుదుపు మూడూ కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుని సాక్సు కుంచించుకుపోతుంది. మెషిన్లో వేసుకోవచ్చని రాసినవాటికి ఆ పొలుసుల్ని నున్నగా చేసి ఉంటారు, అయినా డ్రయర్ వేడి సాగే దారాన్ని చంపేస్తుంది. బ్లీచ్ అసలు ముట్టనివ్వకూడదు. ఉన్ని మన జుట్టులాగే ప్రొటీన్, బ్లీచ్‌లో కరిగిపోతుంది. మరకలు తినే ఎంజైములున్న పౌడర్లూ మంచివి కావు. ఇక్కడ మనం స్వెట్టర్లకు వాడే ఈజీ లాంటి లిక్విడ్లు అక్కడా దొరుకుతాయి. చలికాలం అయ్యాక ఉతికి, బాగా ఆరబెట్టి, గాలి చొరని కవర్లో పెట్టాలి. ఉన్నిని తినే పురుగులకు చెమట అంటిన గుడ్డంటే మరీ ఇష్టం. కలరా ఉండలు వేయొచ్చు కానీ ఆ వాసన నవంబర్ దాకా వదలదు.

ఇక మీ జత. వద్దనండి మాస్టారూ. ఖమ్మంలో ఉన్ని సాక్సులకు పని లేదు. షుగర్ ఉన్నవాళ్లకు సాక్సులో కావలసింది వెచ్చదనం కాదు. పిక్క దగ్గర గీత పడేంత బిగువు ఉండకూడదు, వేళ్ల మీద కుట్టు ఒరుసుకోకూడదు, రంగు తెలుపో లేతదో అయితే చిన్న గాయమైనా రక్తపు మరక వెంటనే కనిపిస్తుంది. ఇవన్నీ ఉన్న కాటన్ కలిసిన సాక్సులు మందుల షాపుల్లో, చెప్పుల షాపుల్లో వందల్లోనే దొరుకుతాయి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. తిమ్మిర్లున్నా, స్పర్శ తగ్గినా డాక్టరుకు చూపించాకే ఏ సాక్సయినా. అమ్మాయి పట్టా పుచ్చుకునేది మే నెలలో. అప్పుడు మీరు బఫెలో వెళ్లినా మామూలు సాక్సులే చాలు. కేదార్‌నాథ్ వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం మాట మారుస్తాను. గౌరీకుండ్ నుంచి పైకి పదహారు కిలోమీటర్ల పైగా నడక, పైన మూడున్నర వేల మీటర్ల ఎత్తు, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. దానికి ఒక్క మంచి ఉన్ని జత కొనుక్కోండి. హైదరాబాద్‌లో డెకాథ్లాన్ లాంటి చోట్ల అమెరికా ధరలో సగానికే దొరుకుతాయి. అక్కడా లేబుల్ చదవడం మరవకండి.

కోపం సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నా. లక్షల లోన్ తీసుకుని, ఎనిమిది అడుగుల మంచు పడే ఊరికి పిల్లను పంపించి, అక్కడ కాళ్లకు 75 డాలర్లు పెట్టిందని కూర్చుంటే గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టుంటుంది. మీ భయం సాక్సుల గురించి కాదని నాకూ తెలుసు. ఈవేళ సాక్సులు, రేపు ఫోను, ఎల్లుండి ఇంకోటి అని. అది న్యాయమైన భయమే. దాన్ని అలాగే చెప్పండి. నెలకు ఇంత దాటితే ముందు నాతో ఒక మాట అను అని ఒక హద్దు పెట్టుకోండి, ఆ హద్దు లోపల ఏం కొన్నా అడక్కండి. ఈ ఆదివారం ఫోన్ మీరే చేయండి. సాక్సులు బాగున్నాయా అని కాదు, బూటులో వేళ్లు కదులుతున్నాయా అని అడగండి. కదలట్లేదని చెబితే అర సైజు పెద్ద బూటుకు డబ్బులు మీరే పంపుతానని చెప్పండి.